ముల్లు నుంచి అంకెకు: చిన్న తెరపై కొలతల చరిత్ర



రైతుబజారులో కూరగాయలు తూచే ఎలక్ట్రానిక్ కాటా, పెట్రోలు బంకులో లీటర్లు చూపే యంత్రం, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు, వేలికి తగిలించే ఆక్సీమీటరు. ఈ నాలుగింటికీ ఒక పోలిక ఉంది. నాలుగింటిలోనూ ఒక చిన్న తెర ఉంటుంది. దానిమీద కొన్ని అంకెలు కనిపిస్తాయి. ఆ అంకెలను మనం నమ్ముతాం. వాటిని చూసి డబ్బు చెల్లిస్తాం, మాత్ర వేసుకుంటాం, అవసరమైతే ఆసుపత్రికి పరుగెత్తుతాం.

ఈ పరికరాల లోపల పని మూడు అంచెల్లో జరుగుతుంది. మొదటి అంచె సెన్సర్. అది వేడిని, బరువును, వెలుతురును విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. రెండవ అంచె మైక్రోకంట్రోలర్. అది ఆ సంకేతాన్ని చదివి, లెక్క చేసి, అంకెగా మారుస్తుంది. మూడవ అంచె డిస్‌ప్లే. అది ఆ అంకెను మన కంటికి చూపిస్తుంది. ఈ మూడూ వేర్వేరు దేశాల్లో, వేర్వేరు కాలాల్లో, ఒకదానితో ఒకటి సంబంధం లేని అవసరాల కోసం పుట్టాయి. అవి ఎలా కలిశాయి? కలిసినప్పుడు కొలత అనే పనిలో ఏం మారింది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతకడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ముల్లు చూపిన కాలం

ఫారన్‌హీట్ 1714లో పాదరస థర్మామీటరును తయారు చేశారు. 1742లో సెల్సియస్ వంద భాగాల కొలమానాన్ని ప్రతిపాదించారు. ఆ రోజుల్లో కొలత చదవడమంటే కంటితో చేసే పని. పాదరసం రెండు గీతల మధ్య ఆగితే, అది ఏ గీతకు దగ్గరగా ఉందో చూసేవారే నిర్ణయించాలి.

1821లో జర్మన్ శాస్త్రవేత్త సీబెక్ ఒక వింత గమనించారు. రెండు వేర్వేరు లోహపు తీగలను కొసల దగ్గర కలిపి, ఒక కొసను వేడి చేస్తే, దగ్గరున్న దిక్సూచి ముల్లు కదిలింది. వేడి నుంచి విద్యుత్తు పుట్టిందన్నమాట. దీనితో ఉష్ణోగ్రతను దూరం నుంచి, తీగ ద్వారా కొలవడానికి దారి దొరికింది. కొలిమి ఒకచోట, మీటరు మరోచోట ఉండవచ్చు. కానీ చివరకు మనిషి చూసేది ముల్లునే.

మీరు కళాశాల ప్రయోగశాలలో మంచి మీటర్లను చూసి ఉంటారు. ముల్లు వెనక సన్నటి అద్దం ఉంటుంది. ముల్లూ, అద్దంలో దాని ప్రతిబింబమూ ఒకటిగా కనిపించేలా కన్ను ఉంచి చదవాలి. లేకపోతే పక్కనుంచి చూసినందువల్ల కొలత తప్పుతుంది. ఈ చిన్న ఏర్పాటు వెనక ఒక పెద్ద విషయం ఉంది. ముల్లుగల మీటరు తన సందేహాన్ని దాచుకోదు. సంకేతం నిలకడగా లేకపోతే ముల్లు వణుకుతుంది. అది రెండు గీతల మధ్య ఉంటే, మధ్య ఉందనే చెబుతుంది. ఎంత నమ్మాలో చదివేవారికి వదిలేస్తుంది.

1950వ దశకం తొలినాళ్లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆండ్రూ కే అనే ఇంజనీరు వోల్టేజిని నేరుగా అంకెల్లో చూపే మీటరును తయారు చేశారు. 1955లో బరోస్ కంపెనీ నిక్సీ ట్యూబును మార్కెట్లోకి తెచ్చింది. నియాన్ వాయువు నింపిన చిన్న గాజు బుడ్డిలో, సున్నా నుంచి తొమ్మిది వరకు అంకెల ఆకారంలో వంచిన పది తీగలు ఒకదాని వెనక ఒకటి ఉండేవి. ఏ తీగకు విద్యుత్తు ఇస్తే ఆ అంకె నారింజ రంగులో వెలిగేది. చూడడానికి అందంగా ఉన్నా, దానికి 170 వోల్టుల వరకు కావాలి. జేబులో పెట్టుకునే పరికరానికి అది పనికిరాదు.

క్యారెట్టు నుంచి వచ్చిన తెర

1888లో ప్రాగ్ నగరంలో ఫ్రెడరిక్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త, క్యారెట్లలోని కొలెస్టరాల్ సంబంధ పదార్థాన్ని పరిశీలిస్తున్నారు. ఆ పదార్థం 145.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి మబ్బుగా ఉన్న ద్రవమైంది. ఇంకా వేడి చేస్తే 178.5 డిగ్రీల దగ్గర ఆ మబ్బు విడిపోయి తేటగా మారింది. ఒకే పదార్థానికి రెండు ద్రవీభవన స్థానాలా? ఆయన ఆ నమూనాను జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఒట్టో లేమన్‌కు పంపారు. ఆ మబ్బు స్థితిలోని పదార్థం ద్రవంలా ప్రవహిస్తుంది, కానీ స్ఫటికంలా కాంతిని మలుస్తుందని లేమన్ గుర్తించారు. ద్రవ స్ఫటికం అనే పేరు అలా వచ్చింది.

ఎనభై ఏళ్లపాటు ఇది ప్రయోగశాలలోని విచిత్రంగానే మిగిలింది. 1968లో అమెరికాలోని ఆర్‌సీఏ సంస్థలో జార్జ్ హైల్మైయర్ బృందం ద్రవ స్ఫటికాలతో పనిచేసే డిస్‌ప్లేను ప్రదర్శించింది. 1970లో స్విట్జర్లాండులో మార్టిన్ షాట్, వోల్ఫ్‌గాంగ్ హెల్‌ఫ్రిష్ ఇంకా మెరుగైన పద్ధతిని కనుగొన్నారు. రెండు గాజు పలకల మధ్య ద్రవ స్ఫటిక అణువులు మెట్లలా తిరుగుతూ అమరి ఉంటాయి. వాటి వెంట కాంతి ధ్రువణ దిశ కూడా తిరుగుతుంది. కొద్దిపాటి వోల్టేజి ఇస్తే అణువులు నిటారుగా నిలబడతాయి, ఆ భాగంలో కాంతి ఆగిపోతుంది, అక్కడ నల్లగా కనిపిస్తుంది. ఈ తెర తాను వెలగదు, బయటి వెలుతురును ఆపుతుంది లేదా వదులుతుంది. అందుకే దానికి అతి తక్కువ విద్యుత్తు సరిపోతుంది. ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే బృందం గది ఉష్ణోగ్రతలో స్థిరంగా ఉండే ద్రవ స్ఫటికాలను తయారు చేయడంతో, 1970వ దశకంలో గడియారాలకూ క్యాలిక్యులేటర్లకూ ఈ తెర వచ్చేసింది.

ఒకే ముక్కలో కంప్యూటరు

క్యాలిక్యులేటరు వల్లే మరో మలుపు కూడా వచ్చింది. బిజికామ్ అనే జపాన్ కంపెనీ తన క్యాలిక్యులేటర్లకు చిప్‌లు కావాలని ఇంటెల్‌ను అడిగింది. ఒక్కో పనికి ఒక్కో చిప్ చేయడం కంటే, ప్రోగ్రాం మార్చితే పని మారే ఒకే చిప్ చేయడం మేలని టెడ్ హాఫ్ సూచించారు. ఫెడెరికో ఫాజిన్, స్టాన్ మేజర్, మసతోషి షిమా కలిసి దాన్ని నిజం చేశారు. 1971 నవంబరులో వెలువడిన ఇంటెల్ 4004లో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లు ఉన్నాయి.

అయితే 4004 ఒంటరిగా పనిచేయలేదు. జ్ఞాపకానికి వేరే చిప్, బయటి ప్రపంచంతో మాట్లాడడానికి మరో చిప్ కావాలి. అన్నిటినీ ఒకే ముక్కలో పెడితే అది మైక్రోకంట్రోలర్. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో గ్యారీ బూన్, మైకేల్ కాక్రన్ 1971లో ఈ దారి చూపారు. ఆ సంస్థ 1974లో టీఎంఎస్ 1000 పేరుతో అలాంటి చిప్‌ను అమ్మకానికి పెట్టింది. ఇంటెల్ 1976లో 8048ను, 1980లో 8051ను తెచ్చింది. 8051లో ప్రోగ్రాం కోసం 4 కిలోబైట్లు, తాత్కాలిక లెక్కల కోసం 128 బైట్లు, బయటకు 32 సంకేత దారులు ఉన్నాయి. ఈనాటి ఫోనుతో పోలిస్తే ఇది ఏమాత్రం? కానీ ఒక ఉష్ణోగ్రతను చదివి చూపడానికి ఇది ఎక్కువే. మన ఇంజనీరింగ్ కళాశాలల్లో తరాల తరబడి విద్యార్థులు మైక్రోకంట్రోలరును నేర్చుకున్నది ఈ 8051 మీదే. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలో ప్రాజెక్టు విడిభాగాల కోసం తిరిగిన వారికి ఈ సంఖ్య బాగా గుర్తుంటుంది.

చెరిపి రాయగలిగే జ్ఞాపకం

తొలి రోజుల్లో ప్రోగ్రామును కర్మాగారంలోనే చిప్‌లో అచ్చు వేసేవారు. ఒక్క తప్పు దొర్లితే ఆ చిప్‌లన్నీ చెత్తబుట్టకే. 1971లో ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ చెరపగలిగే జ్ఞాపకాన్ని కనుగొన్నారు. ఆ చిప్ మీద చిన్న క్వార్ట్‌జ్ కిటికీ ఉండేది. అందులోంచి పదిహేను, ఇరవై నిమిషాలు అతినీలలోహిత కాంతి పడితే పాత ప్రోగ్రాం చెరిగిపోయేది. 1990వ దశకంలో విద్యుత్తుతోనే క్షణాల్లో చెరిపి రాయగలిగే మైక్రోకంట్రోలర్లు చౌకగా దొరకసాగాయి. 8051 తరహాలో అట్మెల్ తెచ్చిన 89సీ51 అలాంటిదే. ఒకే చిప్ మీద వందలసార్లు తప్పు చేసి దిద్దుకోవచ్చు. విద్యార్థికి ఇంతకంటే గొప్ప వరం లేదు.

చెరపలేకపోవడమే కావలసిన సందర్భాలూ ఉన్నాయి. 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఈసీఐఎల్, ఏర్పడింది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన డాక్టర్ ఏ. ఎస్. రావు దాని వ్యవస్థాపక మేనేజింగ్ డైరెక్టర్. అణుశక్తి కార్యక్రమానికి కావలసిన కొలత పరికరాలను దేశంలోనే తయారు చేయాలన్న పట్టుదల ఆ సంస్థ వెనక ఉంది. అదే సంస్థ, బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్‌తో పాటు ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రాలను తయారు చేసింది. 1982లో కేరళలోని పరూర్ నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాల్లో వాటిని తొలిసారి వాడారు. 2004 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతటా వాడారు. ఆ యంత్రంలోని ప్రోగ్రామును ఒక్కసారి మాత్రమే రాయగలిగే చిప్‌లో ఉంచుతామని ఎన్నికల సంఘం వివరించింది. ప్రయోగశాలలో తిరిగి రాయగలగడం సుగుణం, ఓట్ల లెక్కలో తిరిగి రాయలేకపోవడం సుగుణం. సాంకేతిక ఎంపిక వెనక ఎప్పుడూ ఒక ప్రయోజనం ఉంటుంది.

ప్రోగ్రాం లోపల ఏం జరుగుతుంది?

ఇప్పుడు ఒక చిన్న ఉష్ణోగ్రత మీటరును పరిశీలిద్దాం. సెన్సర్‌గా ఎల్‌ఎం35 తీసుకుందాం. ఒక్కో సెల్సియస్ డిగ్రీకి అది 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. గదిలో 30 డిగ్రీలు ఉంటే 300 మిల్లీవోల్టులు వస్తాయి.

8051కు వోల్టేజి తెలియదు. దానికి తెలిసినవి ఒకటి, సున్నా మాత్రమే. అందుకే మధ్యలో ఏడీసీ 0804 అనే మార్పిడి చిప్ పెడతారు. అది తనకిచ్చిన వోల్టేజి పరిధిని 256 మెట్లుగా విడగొడుతుంది. పరిధి 5 వోల్టులైతే ఒక్కో మెట్టు సుమారు 19.5 మిల్లీవోల్టులు, అంటే దాదాపు రెండు డిగ్రీలు. ఇది మరీ మోటుగా ఉంది. అయితే ఆ చిప్‌కు ఇచ్చే ఆధార వోల్టేజిని 1.28 వోల్టులకు సరిచేస్తే, కొలిచే పరిధి దానికి రెట్టింపు, అంటే 2.56 వోల్టులు అవుతుంది. దాన్ని 256తో భాగించండి. ఒక్కో మెట్టు సరిగ్గా 10 మిల్లీవోల్టులు, అంటే సరిగ్గా ఒక డిగ్రీ. గుణకారమూ భాగహారమూ లేకుండానే, వచ్చిన సంఖ్యే ఉష్ణోగ్రత.

తరువాతి పని తెరది. 16 అక్షరాలు, 2 వరుసలు గల ఎల్‌సీడీ వెనక, హిటాచీ రూపొందించిన హెచ్‌డీ44780 రకపు నియంత్రణ చిప్ ఉంటుంది. ముందు దానికి కొన్ని ఆజ్ఞలు పంపాలి. 56 అంటే రెండు వరుసలు వాడు, 12 అంటే తెర వెలిగించు, 1 అంటే తుడిచివెయ్యి, 128 అంటే మొదటి వరుస మొదటి గడికి వెళ్లు. తుడవడానికి తెరకు సుమారు ఒకటిన్నర మిల్లీసెకన్లు పడుతుంది. 12 మెగాహెర్ట్‌జ్ గడియారంతో నడిచే 8051 ఆ సమయంలో వెయ్యికి పైగా ఆదేశాలు పూర్తి చేయగలదు. కనుక వేగంగా పనిచేసేది నెమ్మదిగా పనిచేసేదాని కోసం ఆగాలి. ఆగకపోతే తెరమీద పిచ్చిగీతలు వస్తాయి.

చివరిగా, 30 అనే సంఖ్యను అలాగే పంపితే తెరకు అర్థం కాదు. దాన్ని 10తో భాగించాలి. భాగఫలం 3, శేషం 0. ఒక్కోదానికి 48 కలపాలి. 51, 48 వస్తాయి. ఇవి 3, 0 అనే గుర్తుల సంకేత సంఖ్యలు. వీటిని పంపితే తెరమీద 30 కనిపిస్తుంది.

ఆ తెరలోని శాశ్వత జ్ఞాపకంలో ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. జపాన్ కంపెనీ రూపొందించింది కనుక ఒక రకంలో జపాను లిపి కూడా ఉంది. తెలుగు లేదు. మనం స్వయంగా గీసుకోవడానికి ఎనిమిది గుర్తులకు మాత్రమే చోటుంది. ఒక్కోటి అడ్డంగా 5, నిలువుగా 8 చుక్కలు. గుణింతాలూ ఒత్తులూ ఉన్న మన లిపికి ఆ గడి చాలదు. చుక్క చుక్కనూ విడిగా వెలిగించగలిగే చిన్న ఓఎల్‌ఈడీ తెరలు చౌకగా వచ్చాక, తెలుగు అక్షరాలను బొమ్మలుగా గీసి చూపడం సులువైంది. దీనికి మూలమైన పరిశోధనను 1987లో కొడాక్ సంస్థలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ ప్రకటించారు.

ఇవ్రియా నుంచి మన బడి దాకా

ఇంత తెలిస్తేగాని ఒక అంకె కనిపించని పరిస్థితి, ఇంజనీరింగ్ చదవని వారికి పెద్ద అడ్డంకి. ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో ఒక రూపకల్పన విద్యాసంస్థ ఉండేది. అక్కడ హెర్నాండో బర్రగాన్ అనే కొలంబియా విద్యార్థి, కళాకారులు కూడా వాడగలిగేలా వైరింగ్ అనే వేదికను తన సిద్ధాంత వ్యాసంగా 2003లో చేపట్టారు. ఆ పునాది మీద 2005లో మాసిమో బాంజీ బృందం ఆర్డుయినో బోర్డును తయారు చేసింది. దాని ప్రసిద్ధమైన బోర్డుల్లోని చిప్‌లు ఏవీఆర్ కుటుంబానికి చెందినవి. ఆ నిర్మాణాన్ని నార్వేలో విద్యార్థులుగా ఉన్నప్పుడు ఆల్ఫ్ ఎగిల్ బోగెన్, వెగార్డ్ వొల్లాన్ ఆలోచించారు. ఒక విద్యార్థి పని మీద మరొకరి పని నిలిచిందని గమనించండి.

ఆర్డుయినోలో బోర్డు నమూనాలూ ప్రోగ్రాములూ అందరికీ బహిరంగం. పైన చెప్పిన ఆజ్ఞలు, నిరీక్షణలు, 48 కలపడం అన్నీ ముందే ఎవరో రాసిపెట్టారు. మనం ఒక్క వరుస రాస్తే చాలు, ఉష్ణోగ్రత తెరమీదికి వస్తుంది. మన దేశంలో అటల్ టింకరింగ్ ల్యాబుల ద్వారా 10,000 పాఠశాలలకు ఇలాంటి బోర్డులు చేరాయి. సీ-డాక్ సంస్థ వేగా పేరుతో స్వదేశీ ప్రాసెసర్లను రూపొందించి, వాటితో ఏరీస్ అనే అభ్యాస బోర్డులను కూడా తెచ్చింది.

చుక్క తరువాతి అంకెలు

సౌలభ్యం వచ్చినచోటే జాగ్రత్త కూడా కావాలి. ఆర్డుయినో ఊనో బోర్డు 5 వోల్టులను 1,024 మెట్లుగా విడగొడుతుంది. ఒక్కో మెట్టు 4.88 మిల్లీవోల్టులు. ఎల్‌ఎం35కు అది సుమారు అర డిగ్రీ. 62వ మెట్టు దగ్గర ప్రోగ్రాం 30.27 అని చూపిస్తుంది. 63వ మెట్టు దగ్గర 30.76 అని చూపిస్తుంది. మధ్యలో ఏమీ లేదు. 30.50 అనే అంకెను ఆ పరికరం ఎన్నటికీ చూపలేదు. అయినా చుక్క తరువాత రెండు అంకెలు చూసినవారు, ఇది డిగ్రీలో నూరోవంతును కొలుస్తోందని అనుకుంటారు. పైగా సెన్సర్‌కే గది ఉష్ణోగ్రత దగ్గర అర డిగ్రీ వరకు తేడా ఉండవచ్చు.

విద్యార్థుల ప్రాజెక్టులు చూసినప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే: "ఈ చివరి అంకె ఎక్కడ నుంచి వచ్చింది?" చాలామంది సెన్సర్ వైపు చూపిస్తారు. నిజానికి అది భాగహారం నుంచి వచ్చింది. అలాగే, అంకెలు ఊగకుండా ఉండడానికి పదహారు రీడింగుల సగటు తీసి చూపిస్తారు. అది మంచి పద్ధతే. కానీ ముల్లు వణుకు ద్వారా మనకు తెలిసే సంగతిని ప్రోగ్రాం దాచేసింది. ముల్లు కాలంలో చదివేవారు చేసిన తీర్పును, అంకెల కాలంలో ప్రోగ్రాం రాసేవారు ముందుగానే చేసేస్తున్నారు. చరిత్రలో జరిగిన అసలు మార్పు ఇది.

అంకె మీద ఆధారపడిన ప్రాణం

ఈ మార్పు ఎంత పెద్దదో 2020, 2021 సంవత్సరాల్లో మనకు తెలిసివచ్చింది. కోవిడ్ రోజుల్లో ఆక్సీమీటరు ఇంటింటి వస్తువైంది. 2021లో కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం, ఇంట్లో ఉన్న రోగికి ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గితే వెంటనే వైద్య సహాయం తీసుకోవాలి. పడకలు దొరకని ఆ రోజుల్లో 95కూ 93కూ మధ్య తేడా ఒక కుటుంబానికి ఎంత పెద్దదో చెప్పనక్కరలేదు.

ఆ పరికరానికి మూల సూత్రం 1970వ దశకం తొలినాళ్లలో జపాన్‌లోని నిహాన్ కోడెన్ సంస్థలో టకువో అయోయాగి కనుగొన్నారు. ఎర్రకాంతినీ పరారుణ కాంతినీ వేలిలోంచి పంపితే, ఆక్సిజన్ ఉన్న రక్తమూ లేని రక్తమూ వాటిని వేర్వేరుగా పీల్చుకుంటాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా మారే భాగాన్ని మాత్రం విడదీస్తే, ధమనుల రక్తం సంగతి తెలుస్తుంది. మైక్రోకంట్రోలర్ ఆ రెండు కాంతుల నిష్పత్తిని లెక్కిస్తుంది. అయితే ఆ నిష్పత్తి దానంతటదే శాతం కాదు. స్వచ్ఛందంగా వచ్చిన ఆరోగ్యవంతుల రక్తాన్ని నేరుగా పరీక్షించి, ఏ నిష్పత్తికి ఎంత శాతమో ముందే కట్టిన లెక్క ఒకటి పరికరంలో ఉంటుంది. తెరమీది అంకె ఆ లెక్క నుంచి వస్తుంది.

2020 డిసెంబరులో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు ఒక పరిశీలన ప్రచురించారు. ఆక్సీమీటరు బాగానే ఉందని చూపినా రక్త పరీక్షలో ఆక్సిజన్ ప్రమాదకరంగా తగ్గి ఉన్న సందర్భాలు, తెల్లజాతి రోగులకంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించాయి. చర్మంలోని రంగు పదార్థం కూడా కాంతిని పీల్చుకుంటుంది. 2021 ఫిబ్రవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ పరికరాల పరిమితుల గురించి హెచ్చరిక జారీ చేసింది. సెన్సర్ చెడిపోలేదు, తెర చెడిపోలేదు. ప్రశ్న ఒక్కటే: మధ్యనున్న ఆ లెక్కను ఎవరి శరీరాలను కొలిచి కట్టారు? నానా ఛాయల చర్మమున్న మన దేశానికి ఇది పరాయి ప్రశ్న కాదు.

దీని అర్థం ఆక్సీమీటరును పారవేయమని కాదు. అది ఎన్నో ప్రాణాలను కాపాడింది. ఒక్క రీడింగును కాక, రోజురోజుకూ వస్తున్న మార్పును చూడాలి. ఆయాసం ఉంటే అంకె బాగున్నా వైద్యుని దగ్గరకు వెళ్లాలి.

అంకెకు సాక్షి

కాటా విషయంలో సమాజం ఈ సంగతిని ముందే గ్రహించింది. ఎలక్ట్రానిక్ కాటాలో బరువుకు లోహపు దిమ్మె కొద్దిగా వంగుతుంది, దాని మీద అంటించిన సన్నని రేకు నిరోధం మారుతుంది. అది చదివేది మైక్రోకంట్రోలరే. అమ్మేవారు, కొనేవారు ఇద్దరూ లోపలి ప్రోగ్రామును చూడలేరు. అందుకే 2009 నాటి తూనికలు కొలతల చట్టం ప్రకారం, అధికారి తెలిసిన బరువులతో కాటాను నిర్ణీత కాలానికొకసారి పరీక్షించి ముద్ర వేయాలి. తెరమీది అంకెకు బయటి సాక్షి కావాలన్నదే ఆ ముద్ర అర్థం.

మీరు తయారు చేసే ప్రతి పరికరానికీ అలాంటి సాక్షిని మీరే ఏర్పాటు చేయండి. కరుగుతున్న మంచులో పెట్టిన థర్మామీటరు సున్నా చూపాలి. మరొక నమ్మదగిన థర్మామీటరును పక్కన పెట్టి పది చోట్ల పోల్చి చూడండి. తేడాను పుస్తకంలో రాయండి. ఆ తేడా ఎంతో తెలిశాక, తెరమీద ఎన్ని అంకెలు చూపాలో నిర్ణయించండి.

ఆలోచించండి, చేసి చూడండి

1. ఏడీసీ 0804 పరిధిని 2.56 వోల్టులకు బదులు 1.28 వోల్టులు చేస్తే, ఎల్‌ఎం35తో ఒక్కో మెట్టు ఎంత డిగ్రీ అవుతుంది? అప్పుడు కొలవగలిగే గరిష్ఠ ఉష్ణోగ్రత ఎంత?

2. ముల్లుగల మీటరు చెప్పగలిగి, అంకెల మీటరు చెప్పలేని విషయాలు రెండు రాయండి. అంకెల తెరమీద వాటిని చూపాలంటే ప్రోగ్రాములో ఏం మార్చాలి?

3. మీ ఇంటి దగ్గర దుకాణంలోని కాటా మీద ముద్ర ఉందేమో చూడండి. చివరిసారి పరీక్షించిన తేదీని గమనించండి.